పదకొండు, తల్లీ

నిచ్చెన కనపడితే చాలు, మెట్లు లెక్కపెడతాను. షామియానా వాళ్ల నిచ్చెన, సున్నాలు వేసేవాళ్ల నిచ్చెన, కరెంటు వాళ్ల అల్యూమినియం నిచ్చెన, ఏదైనా సరే, నా కళ్లు కిందనుంచి పైకి పోతాయి, పెదాలు వాటంతటవే కదులుతాయి. మా ఇంట్లో దీన్ని రిటైరైన లెక్కల టీచరు చాదస్తం కింద జమకట్టేశారు. నేనూ కాదనలేదు.

మొన్న విజయనగరంలో మా వీధిలో తీగలకి తగులుతున్న కొమ్మలు కొట్టడానికి మనుషులొచ్చారు. వాళ్ల నిచ్చెనకి పద్నాలుగు మెట్లు. పైకెక్కినవాడి నడుముకి బెల్టు ఉంది, నెత్తిన టోపీ ఉంది, కింద ఇద్దరు నిచ్చెన పట్టుకుని ఉన్నారు. అంతా పద్ధతిగానే ఉంది. అయినా అతను దిగి రెండు కాళ్లూ నేల మీద పెట్టేదాకా నేను గుమ్మంలోంచి కదల్లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఆ సాయంత్రమే మా పాత బడి అటెండరు ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, మన నిచ్చెన మావ పోనాడండి. నాల్రోజులైపోనాది. మీకు సెప్పాలో వద్దో తెల్లేదు."

అతనికి ఎందుకు తెలియలేదో నాకు తెలుసు. ఆ విషయం మా ఇద్దరికే తెలుసు. కాదు, ముగ్గురికి. ఇప్పుడు ఇద్దరికి.

చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో హైస్కూల్లో పన్నెండేళ్లు పనిచేశాను. ముందు లెక్కల టీచరుగా, తర్వాత హెడ్మిస్ట్రెస్‌గా. బడి ఆవరణలో పెద్ద చెట్లు పదిహేను దాకా ఉండేవి. వేపలు, ఒక చింత, రెండు తురాయిలు, ప్రహరీ పక్కన ఒక నిద్రగన్నేరు. ఏటా బడి తెరిచిన మొదటి వారంలో, వానలు దిగకముందే, తీగల మీదికి వాలిన కొమ్మలు కొట్టించాలి. దానికి ఆయన వచ్చేవాడు. పేరు నాకు తెలుసు గానీ ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవగా వినలేదు. పిల్లలకి నిచ్చెన మావ, పెద్దవాళ్లకి చెట్లాయన. ఇక్కడ కూడా అలాగే ఉండనిస్తాను.

మనిషి కంటే ముందు నిచ్చెన వచ్చేది. వెదురు నిచ్చెన, భుజాన మోసుకుంటూ నడిచొచ్చేవాడు. ప్రహరీ మీదనుంచి దాని కొస మాత్రం మాకు కనిపించేది, ఒకసారి లేస్తూ ఒకసారి కుంగుతూ. ఆ లేవడం కుంగడం ఆయన కుడికాలి వల్ల. ఎప్పటిదో దెబ్బ, పాదం కాస్త బయటికి తిరిగి ఉండేది. కొస కనపడగానే తరగతుల్లో గోల మొదలయ్యేది. "నిచ్చెన మావ వత్తన్నాడు!" ఇక ఆ పూట నేను ఏ సూత్రం చెప్పినా గోడకి చెప్పినట్టే.

రాగానే ఎక్కేవాడు కాదు. నిచ్చెన పడుకోబెట్టి, చెట్టు చుట్టూ తిరిగేవాడు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. బెరడు మీద గోటితో గీరి చూసేవాడు. తల పైకెత్తి చాలాసేపు నిలబడేవాడు. కొత్తలో నాకు ఒళ్లు మండిపోయేది. ఒక చెట్టుకి ఇంత పరీక్ష ఏమిటని అడిగితే, "మీరు పిల్లల్ని ఒక్క సూపుతో పాస్ సేసేస్తారేటమ్మా?" అన్నాడు. నేను నిజానికి చాలామందిని అలాగే పాస్ చేశాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

చుట్ట దగ్గర కూడా మాకు పేచీయే. అడ్డచుట్ట తాగేవాడు, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మా వైపు ఆడవాళ్లు ఎక్కువగా తాగుతారు, మగవాళ్లు తక్కువ. చెట్టెక్కాక కూడా నోట్లో చుట్ట ఉండేది. బడి ఆవరణలో పొగ తాగకూడదని గోడ మీద రాయించింది నేనే. కిందనుంచి అరిచాను, "ఏమయ్యా, బళ్లో చుట్టేమిటి, తీసెయ్!" అని. కొమ్మల్లోంచి జవాబొచ్చింది.

"నిప్పు నా నోట్లో ఉన్నాదమ్మా. మీ బడిలో నేదు."

ఎనిమిదో తరగతి మొత్తం కిటికీల్లోంచి విని నవ్వింది. నేనూ నవ్వాను, అయితే ఆఫీసు గదిలోకి వెళ్లాక.

కాకిగూడున్న కొమ్మ మాత్రం ముట్టుకునేవాడు కాదు. దయాదాక్షిణ్యాలేమీ లేవు. "కాకి మొకం గుర్తెట్టుకుంటాదమ్మా. నాను సంతకెల్లినా నెత్తి మీద పొడుస్తాది" అనేవాడు. ఒకసారి గూడున్న కొమ్మ సరిగ్గా తీగ మీదికే ఉంది. కొట్టక తప్పదన్నాను. భార్య చీర చెంగు ముక్క ఒకటి తెచ్చుకుని మొహమంతా చుట్టుకుని ఎక్కాడు. దిగాక ముసుగు తియ్యకుండానే గేటు దాటి, రోడ్డు మలుపు తిరిగేదాకా అలాగే నడిచి వెళ్లాడు. భుజాన నిచ్చెన, మొహాన ఎర్ర చీరముక్క. ఎదురుగా వచ్చిన ఆర్టీసీ బస్సు ఆగి దారిచ్చింది.

ఇవన్నీ ఒకెత్తు, ఆయన దిగడం ఒకెత్తు. దిగుతూ పైకి వినిపించేలా మెట్లు లెక్కపెట్టేవాడు. కొమ్మ మీదనుంచి నిచ్చెన మీదికి కుడికాలు పెట్టి "ఒకటి" అనేవాడు. ఎడంకాలు, "రెండు". అలా పదకొండు దాకా. పదకొండు అయ్యాక ఎడంకాలు నేలకి ఆనిస్తూ "తల్లీ" అనేవాడు. ఆ మాటతోపాటే రెండు చేతులూ నిచ్చెన వదిలేసి, మా వైపు తిరిగి, నడుమునున్న కత్తి తీసి కింద పడేసేవాడు. మూడూ ఒకే ఊపులో. పిల్లలు కూడా తరగతుల్లోంచి గొంతు కలిపేవారు. "తొమ్మిది, పది, పదకొండు, తల్లీ!" చూసీ చూసీ అందరికీ అలవాటైపోయింది.

ఎందుకా లెక్క అని అడిగితే ఇలా చెప్పాడు. "ఎక్కీటప్పుడు పైకి సూస్తాం. దిగీటప్పుడు కళ్లేటి సేస్తాయి? రంపప్పొట్టు పడి సగం మూసుకునుంటాయి. కిందకి సూత్తే బుర్ర తిరుగుతాది. అందుకే సెవులతో దిగుతాను."

ఇంతవరకు బాగానే ఉంది. నాకు నచ్చనిది ఇంకొకటి. ఆయన బేసి మెట్లున్న నిచ్చెన తప్ప ఎక్కడు. ఒక ఏడాది బడికి కొత్త నిచ్చెన చేయించాను, దూరం నుంచి మోసుకురావడం ఎందుకని. మంచి వెదురు, పన్నెండు మెట్లు. దాని దగ్గరికొచ్చి, వేలు పెట్టి లెక్కపెట్టి, పక్కకి తప్పుకున్నాడు.

"సరి మెట్లు నాకు పడవమ్మా."

"ఏం, పడిపోతావా?"

"మా అయ్య సెప్పినాడు. బేసుండాల."

"మీ అయ్యకి ఎవరు చెప్పారు?"

"ఆల్లయ్య సెప్పుంటాడు." చుట్ట ఇటునుంచి అటు మార్చుకుని తన పదకొండు మెట్ల నిచ్చెనే ఎత్తుకున్నాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. ఉన్నమాట చెప్పుకుంటాను. నేను మూఢనమ్మకాల మీద పిల్లలకి ఉపన్యాసాలిచ్చే మనిషిని. పిల్లి ఎదురొస్తే కావాలని ముందుకి నడిచేదాన్ని. నా బళ్లో, నా పిల్లల ముందు, నేను చేయించిన నిచ్చెనని ఒకడు లెక్కపెట్టి వదిలేశాడు. పైగా మర్నాడు తరగతిలో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, సరి సంఖ్య సెడ్డదా అండీ?" అని అడిగింది. కాదు, అది రెండుతో భాగించబడే సంఖ్య మాత్రమే అని చెప్పాను. పిల్ల కూర్చుంది గానీ దాని మొహంలో నమ్మకం లేదు. నిచ్చెన మావ ముందు నేనెంత?

ఆ మరుసటి ఏడాది జరిగింది అసలు సంగతి. నిద్రగన్నేరు ఎక్కాడు. తన నిచ్చెన చెట్టుకి ఆనించి, కాళ్ల దగ్గర రెండు రాళ్లు పెట్టి, అటెండరుని పట్టుకోమని, కొమ్మల్లోకి వెళ్లిపోయాడు. ఆ చెట్టుకి గంట పైనే పడుతుంది. నేను వరండాలో సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆలోచన అప్పటికప్పుడు వచ్చింది. అటెండరుని పిలిచి, ఆయన దిగేలోగా ఆ నిచ్చెన తీసి మన పన్నెండు మెట్లది పెట్టమన్నాను.

"ఎందుకండీ?"

"దిగాక చెబుదాం, పన్నెండు దిగావు, ఏమైందీ అని. పిల్లలు కూడా చూస్తారు."

అతను ఒకసారి చెట్టు వైపు చూశాడు, ఒకసారి నా వైపు. నేను హెడ్మిస్ట్రెస్‌ని. మార్చేశాడు. రెండూ వెదురువే, ఇంచుమించు ఒకే పొడుగు. రాళ్లు కూడా అలాగే పెట్టాడు. కింద గట్టిగా పట్టుకున్నాడు. ఆ నిచ్చెన అంగుళం కూడా కదల్లేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఆయన దిగడం మొదలుపెట్టాడు. నెత్తినిండా రంపప్పొట్టు, కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. ఒకటి, రెండు. పిల్లలు గొంతు కలిపారు. నేను లోపల్లోపల నవ్వుకుంటున్నాను. తొమ్మిది, పది, పదకొండు. "తల్లీ" అన్నాడు. చేతులు వదిలేశాడు. మా వైపు తిరిగాడు.

ఎడంకాలి కింద ఉన్నది నేల కాదు, పన్నెండో మెట్టు. అది గుండ్రంగా పాదం కింద దొర్లినట్టైంది. మనిషి పక్కకి పడ్డాడు, ఎడంచేయి చెట్టువేరు మీద, దాని మీద ఆయన బరువంతా. ఎండుకొమ్మ విరిగినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. పిల్లలు ఇంకా నవ్వుతున్నారు, ఇది కొత్త ఆట అనుకుని.

జానెడున్నర ఎత్తు. అంతే. తాటిచెట్లెక్కిన మనిషి, నలభై అడుగుల చింతల్లో కొమ్మనుంచి కొమ్మకి నడిచిన మనిషి, జానెడున్నర ఎత్తునుంచి పడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి లేచి కూర్చుని ఉన్నాడు. చెయ్యి చూసుకోవడం లేదు. నిచ్చెన వైపు చూస్తున్నాడు. పెదాలు కదిలాయి. కిందనుంచి పైకి, పన్నెండు దాకా. తర్వాత నావైపు చూశాడు. అందరూ చుట్టూ చేరి ఎలా పడ్డావు, ఏమైంది అని ఒకటే అడగడం. ఆయన తల దించుకుని అన్నాడు.

"కళ్లు తిరిగినాయి."

విజయనగరం ఆస్పత్రిలో కట్టు కట్టారు. అక్కడ డాక్టరు అడిగినా అదే మాట. కళ్లు తిరిగాయి. దాంతో ఆయన రక్తపోటు చూసి, ఇంకేవేవో పరీక్షలు చేసి, కళ్లు తిరగకుండా రోజూ వేసుకోమని మాత్రలు రాశారు. చెప్పింది విని రాశారు, వాళ్ల తప్పేమీ లేదు.

మూడో రోజు చూడ్డానికి వెళ్లాను. బత్తాయిలు పట్టుకెళ్లాను, పాపం చేసినవాళ్లు అందరూ పట్టుకెళ్లేవే. ఆయన భార్య టీ తేవడానికి కిందికి వెళ్లేదాకా ఆగి, "నేనే మార్పించాను" అన్నాను.

"తెల్సమ్మా. మీ నిచ్చెన నాకు తెల్దేటి?"

"మరి అలా ఎందుకు చెప్పావు?"

ఆయన నవ్వాడు. "ఒక్క మెట్టు మీద్నుంచి పడ్డాడంటే నా మొకం మీద ఉమ్మరా? రేపు పిల్లలు కూడా నవ్వుతారు. కళ్లు తిరిగినాయంటే మర్యాదుంటాది. జబ్బుకేటి, ఎవులికైనా వస్తాది."

అప్పుడు అడిగాను, ఈ బేసి గొడవేమిటని. ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి. ఏడేళ్లలో అలా అడగడం అదే మొదలు. ఆయన కుడి మోకాలు మీద దుప్పటి తీసి చూపించాడు. మోకాలి చిప్ప పక్కకి జరిగి అతుక్కుని ఉంది. ఎప్పుడో వయసులో ఉండగా ఒక తోటలో చింతచెట్టు మీదనుంచి పడ్డాడట.

"మెట్టుకీ మెట్టుకీ మద్దె చిన్న దిగుడమ్మా. ఆకర్ని, మెట్టు మీంచి నేలకి, పెద్ద దిగుడు. ఆ దిగుడు ఈ కాలు మీద పడితే నిలబడదు. బేసైతే ఎడంకాలికొస్తాది. మా అయ్య ఎందుకు సెప్పినాడో నాకు తెల్దు. కాలిరిగినాక నాకు పనికొచ్చినాది."

మందుల చీటీ వెనక రాసి చూశాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. పదకొండోది కుడి, నేల ఎడమ. పన్నెండైతే నేల కుడి. ఎన్నో ఏళ్లుగా సరి సంఖ్యలూ బేసి సంఖ్యలూ చెబుతున్నాను. అవి ఒక మనిషి మోకాలిని కాపాడుతున్నాయని నాకు తట్టలేదు. అయినా టీచరు బుద్ధి పోదు కదా, "ఎడంకాలితో మొదలుపెడితే సరి నిచ్చెన కూడా దిగొచ్చు కదా" అన్నాను.

"ముప్పై ఏళ్ల కాలికి ఇప్పుడు కొత్త పాటం సెప్తారేటమ్మా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో నా సంగతి అక్కడితో ముగిసిపోయిందనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, తేలికపడి ఇంటికొచ్చాను.

చెయ్యి నాలుగు నెలల్లో బాగైంది. మరుసటి ఏడాది బడి తెరిచిన వారంలో ప్రహరీ మీద నిచ్చెన కొస కనిపించింది. లేస్తూ కుంగుతూ వచ్చింది. పిల్లలు అరిచారు. ఆయన నేరుగా నిద్రగన్నేరు దగ్గరికెళ్లి చుట్టూ తిరిగి, నిచ్చెన ఆనించాడు. ఇంతలో ఆయన భార్య వెనకనుంచి రొప్పుకుంటూ వచ్చింది.

"ఓలమ్మో, మేడమ్ గారూ, ఎక్కనీకండి! ఇంట్లో సెప్పకుండా వచ్చీసినాడు. కళ్లు తిరిగీ మనిషి."

మా స్టాఫంతా బయటికొచ్చారు. వద్దంటే వద్దన్నారు. సోషల్ మేష్టారు, మళ్లీ ఏదైనా జరిగితే బడికి మాటొస్తుంది మేడమ్ అన్నాడు. ఆయన ఒక చెయ్యి నిచ్చెన మీద వేసి, నావైపు చూశాడు. చుట్ట కూడా లేదు నోట్లో.

ఒక్క వాక్యం చాలు. ఈయనకి ఏ జబ్బూ లేదు, నిచ్చెన మార్చింది నేను, అని. ఆయన నోటితో ఆయన చెప్పుకోలేడు, చెప్పినా ఎక్కడానికి అబద్ధమాడుతున్నాడంటారు. నేను చెబితేనే నమ్ముతారు. అది ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అటెండరు తల దించుకుని గోడ మీది సున్నం గోకుతున్నాడు. నేను చుట్టూ ఉన్న మొహాలు చూశాను. పిల్లలు కిటికీల్లో ఉన్నారు. పై అధికారికి ఎవరైనా ఉత్తరం రాస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాను. అంతా కలిపి నాలుగైదు క్షణాలు పట్టి ఉంటుంది.

"ఈసారి కింద ఉండి చెప్పు చాలు, ఇంకొకరు ఎక్కుతారు" అన్నాను.

ఆయన చెయ్యి తీసేశాడు. కోపం లేదు. "అలాగేనమ్మా" అన్నాడు.

అదే మాట ఊరంతా పాకింది. కళ్లు తిరిగేవాడికి చెట్టెవరిస్తారు? ఆ తర్వాత నేనున్న నాలుగేళ్లూ వచ్చాడు. చెట్టు కింద ముక్కాలి పీట వేసుకుని, చేత్తో కర్ర పట్టుకుని, పైనున్నవాళ్లకి చెప్పేవాడు. "ఆ కొమ్మ కాదు, దాని పక్కది. ముందు కింద గంటు పెట్టు, నేపోతే బెరడు సీల్చుకుపోతాది." వాళ్లు దిగేటప్పుడు పెదాలు కదిపేవాడు, పైకి వినపడకుండా. నేను వరండాలోంచి చూసేదాన్ని. వచ్చిన రోజుల్లో మాట్లాడుకునేవాళ్లం, ఎండల గురించి, కాకుల గురించి. నా రిటైర్మెంటు రోజున వచ్చి, ఎవరో కట్టించిన పూలదండ నా మెళ్లో వేసి, "పనస కాయలు పంపిస్తాను" అన్నాడు. పంపించాడు కూడా.

అటెండరు ఫోన్ చేసిన మర్నాడు పొద్దున్న రైలెక్కి చీపురుపల్లిలో దిగి, ఆటోలో చెట్లాయన ఊరు వెళ్లాను. అరుగు మీద ఐదారుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి దారిచ్చారు. ఆయన భార్య లోపల గోడకి ఆనుకుని ఉంది. రొమ్ములో నెమ్ము చేరింది, పది రోజులు ఆయాసపడ్డాడు, ఆస్పత్రిలో పెట్టినా నిలవలేదు అని చెప్పింది. కాసేపటికి లేచి, గూట్లోంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో మాత్రలున్నాయి. కొన్ని పసుపుపచ్చవి, కొన్ని తెల్లవి, కొన్ని పొడైపోయినవి. దోసెడుంటాయి.

"పాడెకి ఎదురుబొంగులు సాలక సూరు కిందున్న నిచ్చెన దింపినారమ్మా. దాని బొంగు కొస బోలులో గుడ్డపీలిక కుక్కున్నాది. తీస్తే ఇవి రాలినాయి. అది సూసి ఎవులికీ దాన్ని ఇప్పడానికి సెయ్యాడనేదు. ఎదురు ఏరే తెచ్చినారు."

నేను పళ్లెంలోంచి ఒక మాత్ర తీసి చూశాను.

"పొద్దున్నే సేతిలో ఎట్టీదాన్ని. మింగీసినావా అంటే మింగీసినాను అనీవోడు. ఇవైతే దొరికినాయి, మిగతావి ఏ సెట్టు మొదట్లో పోసినాడో తెల్దు. నాను ఎదురుగా నిలబడి మింగించుంటే బతికుండును గావాల. నాదే తప్పు."

పళ్లెం వైపు చూస్తూ పైట చెంగుతో కళ్లొత్తుకుంది. ఈ నాలుగు రోజులూ ఆ పళ్లెమే ముందు పెట్టుకుని కూర్చుందని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇంక నేను ఆగలేదు.

"నీ తప్పు కాదమ్మా. ఆయనకి కళ్లు తిరిగే జబ్బు లేదు. ఎప్పుడూ లేదు."

మొత్తం చెప్పాను. పన్నెండు మెట్లు, నా ఉక్రోషం, ఆస్పత్రి, మరుసటి ఏడాది నా నోరు పెగలకపోవడం. అయ్యాక ఆమె పళ్లెం చేతిలోకి తీసుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"లెగండి" అంది. "ఈ ముక్క ఆల్లకి సెప్పండి."

చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చింది. అక్కడ కూర్చున్నవాళ్లలో ఒక పెద్దాయన, కళ్లు తిరిగేవాడు నా తోటలో ఎక్కొద్దని అందరికంటే ముందు అన్నవాడు. వాళ్లందరి ముందూ నిలబడి, తరగతిలో పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన కళ్లు తిరిగి పడలేదు. నేను నిచ్చెన మార్పించాను. పదకొండనుకుని దిగాడు, అది పన్నెండు. తప్పు నాది.

పెద్దాయన తల గోక్కున్నాడు.

"ఉండండమ్మా. అయితే ఆడు ఎంతెత్తు మీద్నించి పడ్డట్టు?"

"ఒక్క మెట్టు."

"ఒక్క మెట్టా?" ఆయన పక్కనున్నవాడి వైపు తిరిగాడు. "ఒరే, ఇంటన్నావా? మన చెట్లాయన ఒక్క మెట్టు మీద్నించి పడ్డాడంటరా!"

ముందు ఒకడు నవ్వాడు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. తర్వాత ఇంకొకడు. ఆ పెద్దాయన నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను భయపడుతూ చెట్లాయన భార్య వైపు చూశాను. ఆమె కూడా నవ్వుతోంది. భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. "సచ్చినోడు, ఎంత సిగ్గో" అంటోంది. ఆయన ఏది జరక్కూడదని అన్నేళ్లు దాచుకున్నాడో సరిగ్గా అదే జరిగింది, నా ముందే.

పక్కన చూరు కింద నిచ్చెన మళ్లీ ఎత్తి పెట్టేశారు. దాని మీద ఎవరిదో తడిపంచె ఆరేసి ఉంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను, పదకొండు.

నవ్వు తగ్గాక ఆమె నా పక్కన అరుగు మీద కూర్చుంది. పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. అందులో మాత్రలు వేలితో అటూ ఇటూ కదుపుతూ, నా మొహం చూడకుండా అంది.

"మీరు అప్పుడే ఒక్క ముక్క సెప్పుంటే ఎక్కనిచ్చీదాన్ని కదమ్మా."